పాల ఎలర్జీ ఉన్న పసిపాపకు ఏ డబ్బా పాలు పట్టాలి?

ప్రశ్న: మా పాపకు నాలుగో నెల. మూడు నెలలూ నా పాలతోనే బాగుంది. పాలు చాలక డబ్బా పాలు మొదలుపెట్టిన రెండు వారాలకు విరేచనంలో జిగురు, రక్తపు చారలు కనిపించాయి. ఆవుపాల ఎలర్జీ కావచ్చని పిల్లల డాక్టరు ప్రత్యేక ఫార్ములా రాశారు. మందుల దుకాణంలో అది లేదని లాక్టోజ్ లేని డబ్బా ఇచ్చారు. మా అత్తగారు మేకపాలు పట్టమంటున్నారు. నేను పాలివ్వడం మానాలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: దుకాణంలో ఇచ్చిన డబ్బాను వాడకండి. లాక్టోజ్ అంటే పాలలోని చక్కెర. మీ పాపకు పడనిది పాలలోని ప్రొటీన్ అని డాక్టరు అనుమానం. లాక్టోజ్ తీసేసిన పొడిలో కేసిన్, వే ప్రొటీన్లు యథాతథంగా ఉంటాయి కనుక దానివల్ల ఉపయోగం లేదు. మేకపాల ప్రొటీన్లు ఆవుపాల వాటిని ఎంతగానో పోలి ఉండడంతో, ఆవుపాలు పడని పిల్లల్లో అత్యధికులకు అవీ పడవు. గేదెపాల సంగతీ అంతే. పైగా ఏడాది లోపు పిల్లలకు కావలసిన పోషకాలు ఈ పాలలో సరైన పాళ్లలో ఉండవు.

డాక్టరు రాసిన 'ఎక్స్‌టెన్సివ్లీ హైడ్రలైజ్డ్' ఫార్ములాలో ప్రొటీన్‌ను ఎంజైములతో చిన్న చిన్న ముక్కలుగా విడగొడతారు కాబట్టి, ఎలర్జీ ఉన్న పిల్లల్లో ఎక్కువమంది శరీరం దాన్ని శత్రువుగా గుర్తించదు. 'పార్షియల్లీ హైడ్రలైజ్డ్' (ప్రొటీన్‌ను కొంతవరకే విడగొట్టినది) అని రాసి ఉన్నది మాత్రం వేరు, అది చికిత్సకు పనికిరాదు. కొద్దిమందికి ఈ ముక్కలు కూడా పడవు. ఎలర్జీ తీవ్రంగా ఉన్నవారికీ, బరువు పెరగనివారికీ ప్రొటీన్‌కు బదులు దాని మూల కణికలే ఉండే అమైనో ఆమ్లాల ఫార్ములా అవసరమవుతుంది. సోయా ఫార్ములాను సాధారణంగా ఆరు నెలలు నిండకముందు సూచించరు.

ప్రొటీన్‌ను విడగొట్టిన ఈ ప్రత్యేక ఫార్ములాలు చేదుగా ఉంటాయి, ఖరీదూ ఎక్కువే. పాప మొదట మొహం తిప్పుకుంటే కొద్దికొద్దిగా అలవాటు చేయండి. విరేచనం ఆకుపచ్చగా మారినా కంగారు పడనక్కరలేదు. డబ్బా ఎక్కువ రోజులు రావాలని నీళ్లు పెంచి కలపడం ప్రమాదకరం. ఒక్కో కంపెనీ చెంచా కొలత ఒక్కోలా ఉంటుంది కనుక ఆ డబ్బాలోని చెంచానే వాడండి.

మీ పాలు మానవద్దు. మీ పాల మీద ఉన్నన్నాళ్లూ పాప బాగానే ఉంది కాబట్టి మీరు పాలు, పెరుగు మానేయవలసిన అవసరం బహుశా ఉండదు; తల్లిపాల మీదే లక్షణాలు వచ్చే పిల్లల తల్లులకే ఆ పథ్యం చెబుతారు, అప్పుడు కాల్షియం మాత్రలు కూడా ఇస్తారు. ప్రత్యేక ఫార్ములా రెండు నుంచి నాలుగు వారాలు వాడి, లక్షణాలు తగ్గాక డాక్టరు చెప్పినట్లు మళ్లీ మామూలు పాలు కొద్దిగా ఇచ్చి చూస్తేనే రోగనిర్ధారణ ఖాయమవుతుంది. కేవలం రక్తపరీక్షతో తేలదు, ఎందుకంటే మీ పాపకులా లక్షణాలు ఆలస్యంగా కనిపించే రకం ఎలర్జీలో అది సాధారణంగా నెగటివ్ వస్తుంది. అయితే పాలు పట్టిన కొద్దిసేపటికే ఒళ్లంతా దద్దుర్లు, మొహం వాపు, ఆయాసం, సొమ్మసిల్లడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. అలాంటి పిల్లలకు మామూలు పాలు మళ్లీ ఇచ్చి చూసే పరీక్షను ఇంట్లో చేయకూడదు.

ఆరో నెలలో అన్నప్రాశనకు పాలు పోయని బెల్లం పరమాన్నం నాలుకకు రాయించండి, నెయ్యి గురించి ముందు డాక్టరును అడగండి. బజారులో దొరికే సిరియల్ పొడుల్లో చాలావాటిలో పాలపొడి ఉంటుంది కాబట్టి అట్ట మీది వివరాలు చదవనిదే కొనవద్దు.