సెవియా వెళ్తున్న మా అమ్మలుకి

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నువ్వూ నీ ఆఫీసు స్నేహితురాలూ మార్చిలో స్పెయిన్ వెళ్తున్నారని చెప్పాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. సంతోషం ఒక పక్కా, గుబులు ఒక పక్కా. నువ్వు ఆరో తరగతిలో ఉండగా నా అట్లాసు ముందేసుకుని, స్పెయిన్ మీద వేలు పెట్టి "ఇది ఎద్దు చర్మం ఆరబెట్టినట్టుంది అత్తయ్యా" అన్నావు. రెండు వేల ఏళ్ళ కిందట స్ట్రాబో అనే గ్రీకు భూగోళ పండితుడు సరిగ్గా ఆ పోలికే చెప్పాడు. ఆ రోజు స్టాఫ్ రూములో అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు నీ సొంత జీతంతో ఆ నేల మీదికే వెళ్తున్నావంటే నాకెంత గర్వంగా ఉందో రాయలేను.

కానీ పొద్దున్నే నువ్వు పంపిన ప్లాన్ చూసి కోపం వచ్చింది. "రిలాక్స్‌డ్‌గా తిరిగొస్తాం అత్తయ్యా" అని రాసి, కింద ఏడు రోజుల్లో మాద్రిద్, సెవియా, గ్రనాడా, బార్సిలోనా పెట్టావు. సెవియా నుంచి బార్సిలోనాకి హైస్పీడ్ రైల్లోనే అయిదున్నర గంటలు పడుతుంది. సూట్‌కేసు సర్దడం, విప్పడం, మళ్ళీ సర్దడం తప్ప మీకు మిగిలేదేముంది? బార్సిలోనా తీసెయ్. గ్రనాడా కూడా ఈసారికి వద్దు. మాద్రిద్‌లో దిగి ఒక రాత్రి పడుకోండి. మర్నాడు ఆతోచా స్టేషన్‌లో రైలెక్కితే రెండున్నర గంటల్లో సెవియా. మిగతా రోజులన్నీ అక్కడే ఉండండి. ఇంకా తిరగాలనిపిస్తే కోర్దోబా ముప్పావు గంట దూరం, పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు.

వీసా సంగతి నీకు తెలిసిందే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు తీసుకుంటారు, చివరి నెల దాకా ఆగకు. 30,000 యూరోలకి తగ్గని మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి. మీ అమ్మ నెయ్యి సీసా, పాలకోవా పెడతానంటుంది, వద్దని చెప్పు. బయటి దేశాల నుంచి పాల వస్తువులూ మాంసం తేవడం అక్కడ నిషేధం. కందిపొడి పెట్టించుకో. కుళాయి నీళ్ళు తాగొచ్చు. ఏ ఆపదకైనా నంబరు 112. మెట్రోలో బ్యాగు వీపుకి కాదు, పొట్టకి తగిలించుకో. ఈస్టర్ ముందు వచ్చే పవిత్ర వారం మీ తేదీల్లో పడుతుందేమో చూసుకో, ఆ వారం సెవియాలో గది దొరకడమే కష్టం.

ఇక నేను అసలు రాయాలనుకున్నది.

2015 జూన్‌లో మీ అమ్మా నేనూ సెవియా వెళ్ళాం. ఆ ప్రయాణం గురించి ఫొటోల్లో చూసినంతే నీకు తెలుసు. మీ బావ అప్పుడు మాద్రిద్‌లో చదువుకుంటున్నాడు. జూలైలో గోదావరి పుష్కరాలు, ఇంటి నిండా చుట్టాలు వస్తారని ముందే వెళ్ళి చూసొద్దామనుకున్నాం. వాడికి పరీక్షలు. "రెండు రోజులే కదమ్మా, మీరిద్దరూ వెళ్ళి రండి" అని రైలెక్కించాడు. ఒక ఫోన్ ఇచ్చాడు. ఆ ఫోనూ, రెండు పాస్‌పోర్టులూ, డబ్బంతా, నీళ్ళ సీసా, హోటల్ కాగితం అన్నీ నా హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకున్నాను. మీ అమ్మకి ఇంగ్లీషు రాదు, నాకు వచ్చు, కాబట్టి నా దగ్గరుంటేనే మంచిదనుకున్నాను.

సెవియా జూన్ ఎండ మన రోహిణి కార్తె ఎండే. మీ అమ్మకి అప్పటికే మోకాళ్ళ నొప్పులు. శాంతా క్రూజ్ అని పాత పేట ఒకటుంది, ఒకప్పటి యూదుల వాడ. ఎండ పడకుండా ఇళ్ళని దగ్గర దగ్గరగా కట్టుకున్న సందులు. అందులో డోన్యా ఎల్విరా అనే చిన్న చౌకు. నారింజ చెట్లు, మధ్యలో ఫౌంటెన్, రంగు పలకలు అతికించిన బెంచీలు. అక్కడికి వచ్చేసరికి మీ అమ్మ కూర్చుండిపోయి, "అమ్మాయీ, ఒక్క పది నిమిషాలు" అంది. నేను "మీరిక్కడే ఉండండి వదినా, అల్కాసర్ రాజభవనం దగ్గర క్యూ ఎంతుందో చూసి వచ్చేస్తాను" అన్నాను. బ్యాగు భుజానే ఉంది. నీళ్ళ సీసా అయినా తీసి ఆవిడకివ్వాలని తోచలేదు.

క్యూ చాలా పెద్దదిగా ఉంది. వెనక్కి తిరగాల్సిన దాన్ని. కానీ పక్కనే ఆర్చివో దె ఇందియాస్ తలుపు తీసి ఉంది, లోపలికి టికెట్టు కూడా లేదు. అమెరికా ఖండాలతో స్పెయిన్ నడిపిన వ్యవహారాల కాగితాలన్నీ ఒకచోట ఉండాలని మూడో కార్లోస్ రాజు 1785లో పెట్టించిన భాండాగారం అది. సుమారు 8 కోట్ల పుటలు. 30 ఏళ్ళ పాటు కొలంబస్ పాఠం చెప్పినదాన్ని, ఆ గుమ్మం ముందు నిలబడి లోపలికి వెళ్ళకుండా ఉండలేకపోయాను. ఒక్క నిమిషం అనుకుంటూ వెళ్ళాను. ఎర్ర పాలరాతి మెట్లు, పొడుగాటి హాళ్ళు, నేల నుంచి కప్పు దాకా అల్మారాలు. బయటికి వచ్చి వాచీ చూసుకుంటే ముప్పావు గంట అయింది.

పరిగెత్తుకుంటూ వెళ్ళాను. ఆ పేటలో ప్రతి సందూ ఒక్కలాగే ఉంటుంది. తెల్లగోడ, పసుపు అంచు, ఇనప చువ్వల కిటికీ. రెండు సార్లు తిరిగిన చోటికే తిరిగొచ్చాను. చివరికి చౌకు దొరికింది. బెంచీ మీద మీ అమ్మ లేదు. బెంచీ నిండా ఎండ.

అప్పుడు నా కాళ్ళు ఎలా వణికాయో నీకెలా చెప్పను? ఆవిడ చేతిలో రూపాయి లేదు, ఫోన్ లేదు, పాస్‌పోర్టు లేదు, మాట్లాడడానికి భాష లేదు. మా అన్నయ్యకి ఏమని చెప్పాలి? నీకు అప్పుడింకా పెళ్ళీడు కూడా రాలేదు. ఫౌంటెన్ చుట్టూ "వదినా" అని అరుచుకుంటూ తిరిగాను. కనబడ్డ వాళ్ళందరికీ చీర కట్టు చేతులతో చూపించి అడిగాను. ఇంకో గంట పైనే గడిచింది. ఒక కుర్రాడు నా చెయ్యి పట్టుకుని పక్క సందులోకి తీసుకెళ్ళాడు. ఆకుపచ్చ తలుపు, గోడకి నీలం కుండీలు. లోపల చల్లటి వరండాలో పేము కుర్చీలో మీ అమ్మ కూర్చుని ఉంది. పక్కన నల్ల గౌనులో ఒక ముసలావిడ. మీ అమ్మ చేతిలో ఆవిడిచ్చిన విసనకర్ర. మీ అమ్మ తెలుగులో, ఆవిడ స్పానిష్‌లో ఏదో చెప్పుకుంటున్నారు.

నేనేం చేశానో తెలుసా? దగ్గరికి వెళ్ళి కావలించుకోవాల్సింది పోయి, "అక్కడే ఉండమన్నానా, ఎందుకు కదిలారు?" అని ఆ ముసలావిడ ముందే గట్టిగా అరిచాను. మీ అమ్మ ఏమీ అనలేదు. విసనకర్ర మడిచి ఆవిడకి ఇవ్వబోయింది. ఆవిడ తీసుకోలేదు, మీ అమ్మ గుప్పిటే మూసేసింది. సందులోకి వచ్చాక మీ అమ్మ నెమ్మదిగా, "ఎండ పడింది అమ్మాయీ, కళ్ళు తిరిగాయి" అంది. కాసేపాగి, "క్యూ పెద్దగా ఉందా?" అని అడిగింది. నేను "దారి తప్పాను వదినా" అన్నాను. ఆ అబద్ధం ఈ రోజుకీ అలాగే ఉంది. భాండాగారంలోకి వెళ్ళానని ఆవిడకి తెలియదు.

అందుకే నీకు ఇన్నిసార్లు చెప్తున్నాను, విసుక్కోకు. పాస్‌పోర్టు ఎవరిది వాళ్ళ దగ్గరే ఉండాలి. డబ్బు చెరి సగం. హోటల్ పేరూ వీధీ కాగితం మీద రాసి ఇద్దరి జేబుల్లోనూ పెట్టుకోండి, ఫోన్ ఛార్జింగ్ అయిపోతుంది, కాగితానికి అవ్వదు. రోజూ బయల్దేరే ముందు, విడిపోతే ఎక్కడ కలవాలో అనుకోండి. గిరాల్డా గోపురం కింద ఉన్న ఫౌంటెన్ దగ్గర అనుకుంటే మంచిది. గోపురం చాలా చోట్ల నుంచి కనబడుతుంది, ఎవరినైనా "గిరాల్డా" అంటే చాలు, చెయ్యి చూపిస్తారు. "పది నిమిషాల్లో వస్తా" అని చెప్పి వెళ్తే పది నిమిషాల్లోనే రావాలి. నీ స్నేహితురాలు అలిసిపోయానంటే ఆ పూటకి నువ్వూ అలిసిపోయినట్టే.

రెండో రోజు ఏమీ చూడొద్దు, గదిలోనే ఉందామన్నాను. మీ అమ్మ ఒప్పుకోలేదు. గిరాల్డా ఒకప్పుడు మసీదు మీనారు. పైకి గుర్రమెక్కి వెళ్ళడానికి వీలుగా మెట్లకి బదులు వాలుదారులు కట్టారు, 35 ఉన్నాయి. అది చెప్తే "మెట్లు లేవుగా, ఎక్కుదాం" అంది. ప్రతి కిటికీ దగ్గరా ఆగాం. ఆవిడ కూర్చుంటే నేనూ కూర్చున్నాను. మా వెనక వచ్చిన వాళ్ళు ఎక్కి, చూసి, దిగి వెళ్ళిపోయారు. చివరి కాసిని మెట్లూ నా చెయ్యి పట్టుకుని ఎక్కింది. పై నుంచి గ్వాదల్‌కివీర్ నది కనబడింది. అరబ్బీలో దాని అర్థం పెద్ద నది అని నేను చెప్తే, "మన గోదారి చూడలేదు పాపం వాళ్ళు" అంది. మొత్తం ప్రయాణంలో ఆవిడ గట్టిగా నవ్వింది అప్పుడే.

తిండి సంగతి మర్చిపోయేదాన్ని. నీ స్నేహితురాలు శాకాహారి అని మీ నాన్న చెప్పాడు. అక్కడ మాంసం లేదన్న దాంట్లోనూ చేపముక్కలో, పంది మాంసపు తురుమో పడుతుంది. "సిన్ హమోన్, సిన్ ఆతూన్" (పంది మాంసం వద్దు, ట్యూనా చేప వద్దు) అని నువ్వు నేర్చుకుని ఆ పిల్ల తరఫున నువ్వే అడుగు, ప్రతి పూటా తనే అడుక్కోవాలంటే చిన్నబోతుంది. ఎస్పినాకాస్ కోన్ గర్బాన్సోస్ అని అడగండి. పాలకూర, కాబూలీ శనగలు, వెల్లుల్లి, జీలకర్ర. మన నోటికి బాగా పడుతుంది. భోజనం మధ్యాహ్నం రెండు దాటాకే, రాత్రి తొమ్మిదికి. మధ్యలో చిన్న దుకాణాలు మూసేస్తారు. ఆ వేళ గదికి వెళ్ళి పడుకోండి. ఊరంతా పడుకునే వేళ మీరొక్కరే తిరగడం దేనికి?

వీధి చెట్లకి నారింజలు కనబడితే కోసి నోట్లో పెట్టుకోవద్దు, పులుపూ చేదూ. మార్మలేడ్‌కి పనికొచ్చే రకం. పూత మాత్రం మార్చిలోనే వస్తుందట, ఊరంతా వాసనేనట. మేం జూన్‌లో వెళ్ళాం గనక మాకు ఆ అదృష్టం లేదు. కెథెడ్రల్ దగ్గర ఆడవాళ్ళు రోజ్‌మేరీ రెమ్మ చేతిలో పెట్టి జాతకం చెప్పబోతారు, పుచ్చుకుంటే డబ్బులు అడుగుతారు. నవ్వుతూ తల అడ్డంగా ఊపి వచ్చేయండి.

డోన్యా ఎల్విరా చౌకుకి తప్పకుండా వెళ్ళు. ఆ సందు పేరు నాకు తెలియదు, ఆ ముసలావిడ పేరూ అడగలేదు. ఆకుపచ్చ తలుపు కనబడి, లోపల ఆవిడే ఉంటే నీ ఫోన్‌లో మీ అమ్మ ఫొటో చూపించు. కనబడకపోతే ఆ బెంచీ మీద మీరిద్దరూ కాసేపు కూర్చోండి.

దిగగానే ఫోన్ చెయ్యి. మార్చిలో మనకీ వాళ్ళకీ నాలుగున్నర గంటల తేడా, నెలాఖరు ఆదివారం వాళ్ళు గడియారం మారుస్తారు, అప్పట్నుంచి మూడున్నర. ఏ వేళైనా పర్వాలేదు, మేలుకునే ఉంటాను.

ఈ ఉత్తరంలో రాసిన సంగతి మీ అమ్మతో అనకు. ఉగాదికి నువ్వు అక్కడ ఉంటావు, నేను మీ ఇంటికి వస్తున్నాను. ఆ విసనకర్ర ఇంకా బీరువాలో పట్టుచీరల కిందే ఉంటుంది. దాన్ని బయటికి తీయించి, ఆ ముప్పావు గంట ఎక్కడున్నానో నేనే చెప్తాను.

ప్రేమతో,
మీ అత్తయ్య