ఖాళీ వల కూడా రాసుకో

అమ్మాయీ,

కోరంగి మడ అడవుల్లో రొయ్యపిల్లలు పెరిగే చోట్లు మ్యాపులో గుర్తించే పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. పడవ ఎక్కేముందు ఇది చదువు. నేను చేసిన తప్పే నువ్వూ చెయ్యనక్కర్లేదు.

టైగరు గానీ తెల్ల రొయ్య గానీ గుడ్లు పెట్టేది సముద్రంలోనే. రెండు మూడు వారాలకు పిల్ల జీలకర్ర గింజంతై, పోటు నీటితో మడ కాలువల్లోకి వస్తుంది. కొన్ని నెలలు అక్కడే తిని పెరిగి మళ్లీ సముద్రం దారి పడుతుంది. ఏ కాలువలో పెరిగిందో పట్టుకోవడమే నీ పని.

కొత్తలో మేం పోటు మీదే వెళ్లేవాళ్లం. నీళ్లుంటేనే కదా పడవ లోపలికి పోయేది! ఒక కాలువలో మూడుసార్లు వల లాగినా ఏమీ పడలేదు. 'పిల్లలు లేవు' అని రాసేశాను. పడవ నడిపే ముసలాయన అప్పుడేమీ అనలేదు. సాయంత్రం నీరు తీశాక, మోకాలి లోతు బురదలో నన్ను అక్కడికే నడిపించుకెళ్లాడు. గట్టువార తోపుడు వల ఒక్కసారి తోసి తెల్ల బేసిన్లో కుమ్మరించాడు. గాజు ముక్కల్లాంటి ఒళ్లు, నల్ల చుక్కల్లా కళ్లు. కొన్నిటికి పొట్ట కింద పొడుగునా ఎర్రటి గీత, అవి టైగరు పిల్లలు. "పోటు మీద ఇవి చెట్ల వేళ్లలోకి దూరిపోతాయి బాబూ, కాలువలో ఏం దొరుకుతాయి?" అన్నాడు. నా కాగితం అప్పటికే ఆఫీసుకు వెళ్లిపోయింది.

అందుకే పోటులోనూ చూడు, నీరు తీశాకా చూడు. అదే వల, వల కన్ను సైజూ అదే, లాగే దూరమూ అదే. జీపీఎస్ అంకెలతో పాటు టైము, నీళ్లలో ఉప్పెంతో, అడుగున బురదో ఇసుకో రాసుకో. తిథి కూడా రాయి, పక్కవాళ్లు నవ్వినా సరే. అమావాస్య, పౌర్ణమి పోట్లకు నీళ్లు అడవిలోకి ఎంత దూరం వెళ్తాయో నువ్వే చూస్తావు. ఖాళీగా వచ్చిన వలను మాత్రం వదిలెయ్యకు. సున్నాలు లేని మ్యాపు మనం తేలిగ్గా వెళ్లగలిగిన దారులే చూపిస్తుంది. మే నెలలో గీసింది గోదావరి వరదల నాటికి పనికిరాదు, అప్పుడు ఉప్పు బాగా పడిపోతుంది. ఏడాదంతా తిరగాల్సిందే.

ఇంకోటి. పిల్లలు ఎక్కువున్నంత మాత్రాన అది మంచి నర్సరీ అనుకోకు. పెరిగి సముద్రం చేరాలి కదా. కాలువ మొగ పూడిపోయిందేమో కూడా చూడు.

ఒకప్పుడు రొయ్యల చెరువుల కోసం సీడు, అంటే ఈ పిల్లల్నే, ఏరినవాళ్లు ఆ ఊళ్లలో ఇంకా ఉంటారు, ఆడవాళ్లను కూడా అడుగు. మ్యాపు పైకి పంపేముందు వాళ్లకు చూపించు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరబోట్ల వేట ఆపుతారు. అది సముద్రం సంగతి. ఏ కాలువలో ఏ నెల వల వెయ్యొద్దో నీ మ్యాపు చూసి రేపు ఎవరో నిర్ణయిస్తారు, ఆ నెల పస్తు వీళ్లది. అడిగి గీస్తే ఎన్నాళ్లు ఆపగలరో వాళ్లే చెబుతారు.

అది అభయారణ్యం, అటవీ శాఖ పర్మిషన్ ముందే తీసుకో. గమ్ బూట్లు బురదలో ఇరుక్కుపోతాయి, పాత కాన్వాస్ బూట్లు తాడుతో బిగించి కట్టుకో. మడ వేళ్లు మేకుల్లా గుచ్చుకుంటాయి.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నోట్‌బుక్ తీసుకురా. సున్నాలున్న పేజీలే ముందు చూస్తాను.

మీ పెదనాన్న