మీరు అడిగారు: డిజైన్ మ్యూజియంలో నాకేం పని?

ప్రశ్న: మా అబ్బాయి లండన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే నెల నేనూ మావారూ వెళ్తున్నాం. అక్కడ డిజైన్ మ్యూజియానికి తీసుకెళ్తానంటున్నాడు. నేను పదో తరగతి వరకే చదువుకున్నాను, ఇంట్లో జాకెట్లు కుడతాను. అక్కడ నాకేం అర్థమవుతుందని టెన్షన్‌గా ఉంది. పైగా వాడు ఒకసారి ఉచితం అంటాడు, ఇంకోసారి టికెట్లు బుక్ చేశానంటాడు. ఏది నిజం?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: రెండూ నిజమేనమ్మా. కెన్సింగ్టన్ హై స్ట్రీట్‌లో ఉన్న ఆ మ్యూజియంలో పై అంతస్తున ఎప్పుడూ ఉండే ప్రదర్శన ఒకటి ఉంది, దానికి డబ్బులు కట్టక్కర్లేదు. కొన్ని నెలలు ఉండి వెళ్ళిపోయే ప్రత్యేక ప్రదర్శనలకి మాత్రం మామూలుగా టికెట్ ఉంటుంది, ఒక్కోదానికి ఒక్కో ధర. మీ అబ్బాయి బుక్ చేసింది అలాంటిదే అయ్యుంటుంది.

ఇక అర్థం కాదేమోనన్న భయం మీకు అస్సలు వద్దు. అక్కడ ఉండేవి కిరీటాలూ కత్తులూ కావు. కుర్చీ, టైప్‌రైటర్, ఫోను, రోడ్డు పక్కన బోర్డు, ఇలాంటివే. వీటిని ఎవరు ఆలోచించారు, ఎవరు తయారుచేశారు, ఎవరు వాడుకున్నారు అన్నదే ఆ పై అంతస్తు ప్రదర్శనంతా. జాకెట్టు చంక దగ్గర పట్టేస్తోందని ఒకామె వస్తే ఎక్కడ కుట్టు విప్పాలో, ఎంత వదలాలో చూడగానే చెప్పగలరు కదా మీరు, ఆ చూపే అక్కడ కావలసింది. 2016లో ఈ భవనంలోకి మారినప్పుడు, మీకు ఇష్టమైన వస్తువేదో చెప్పండని మామూలు జనాన్నే అడిగి, వాళ్ళు చెప్పిన 200కి పైగా వస్తువులతో ఒక గోడ నింపారు.

నేను వెళ్ళినప్పుడు ఎక్కువసేపు నిలబడిపోయింది బ్రిటన్ రోడ్డు గుర్తుల దగ్గర. జాక్ కిన్నియర్, మార్గరెట్ కాల్వర్ట్ అని ఇద్దరు కలిసి తయారుచేసినవి, 1965 నుంచి అమల్లో ఉన్నాయి. పిల్లలు రోడ్డు దాటే బోర్డు చూడండి. అంతకు ముందున్న బొమ్మలో అబ్బాయి ముందు, అమ్మాయి వెనక. కాల్వర్ట్ దాన్ని తిప్పేసి, చిన్నవాడి చెయ్యి పట్టుకుని నడిపించే అక్కని గీశారు, ఆ అమ్మాయికి తన చిన్నప్పటి రూపమే ఇచ్చానని ఆవిడే చెప్పారు. కారులో దూసుకుపోయేవాడికి ఒక్క క్షణంలో తెలియాలి, అందుకని గీతలు తగ్గించీ తగ్గించీ అంతవరకు తెచ్చారు. ఇది అర్థం కావడానికి ఏ డిగ్రీ కావాలి చెప్పండి?

లోపలికి వెళ్ళగానే ఒకసారి తలెత్తి కప్పు కూడా చూడండి. గుడారం గుడ్డని మూలలు పట్టి లాగినట్టు వంపులు తిరిగి ఉంటుంది. ఆ భవనం 1962లో కామన్వెల్త్ దేశాల గురించి చెప్పడానికి కట్టింది. మ్యూజియం మొదట 1989లో థేమ్స్ ఒడ్డున, ఒకప్పుడు అరటిపళ్ళు నిల్వచేసిన గోదాములో మొదలైంది, టెరెన్స్ కాన్రన్ అనే డిజైనర్ పెట్టారు. తర్వాతే ఇక్కడికి మారింది. లోపలి భాగం జాన్ పాసన్ అనే ఆర్కిటెక్ట్ మార్చి కట్టినా కప్పు మాత్రం అలాగే ఉంచారు.

రెండూ చూడాలంటే మూడు గంటలైనా పెట్టుకోండి. ముందు టికెట్ కొన్నది చూసి, కాసేపు కూర్చుని టీ తాగి, అప్పుడు పైకి వెళ్ళండి.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఫ్యాషన్ డిజైన్ ఆఖరి సంవత్సరం. పై చదువుకి లండన్ వెళ్తున్నాను. 2023లో అదే మ్యూజియంలో చీరల మీద పెద్ద ప్రదర్శన జరిగిందని ఇప్పుడు తెలిసి చాలా బాధపడ్డాను. అంత కష్టపడి పెట్టినవాటిని నాలుగు నెలలకే ఎందుకు తీసేస్తారు? అలాంటివి చూసే దారి ఇంకేమైనా ఉందా?
– ఒక విద్యార్థిని

జవాబు: నీ బాధ నాకు తెలుసు తల్లీ, ఎందుకంటే నేను అది చూశాను. 'ది ఆఫ్‌బీట్ శారీ' అని మే 19 నుంచి సెప్టెంబర్ 17 వరకు జరిగింది, ప్రియా ఖాంచందానీ క్యూరేటర్ (అంటే ఏవి పెట్టాలో ఎంచి ప్రదర్శనని తీర్చిదిద్దినావిడ), ఇటీవలి కాలపు చీరలు సుమారు 60. డెనిమ్ చీర ఉంది. ఇంకొక చీర చమ్కీలతో మెరుస్తోంది. దగ్గరికి వెళ్ళి పక్కన రాసింది చదివితే తెలిసింది, అవి ఆస్పత్రుల్లో పారేసిన ఎక్స్‌రే ఫిల్ములు కత్తిరించి చేసిన చమ్కీలని. అబ్రహం అండ్ ఠాకూర్ వాళ్ళది. ఎవరి ఊపిరితిత్తులో, ఎవరి విరిగిన చెయ్యో ఆ ఫిల్ముల మీద ఉండి ఉంటాయి కదా అనుకుంటూ చాలాసేపు అక్కడే ఉన్నాను. ఫోటోలో చూస్తే అది ఒక మెరిసే చీర, అంతే.

ఎందుకు తీసేస్తారంటే, మొదటి కారణం వెలుతురు. బట్టకి పడిన రంగు వెలుతురుకి వెలిసిపోతుంది, వెలిసింది మళ్ళీ రాదు. అందుకే మ్యూజియాల్లో బట్టలున్న గదులు మసకగా ఉంటాయి, వెలుతురుని సాధారణంగా 50 లక్స్ (వెలుతురుని కొలిచే లెక్క) దగ్గర పెడతారు, కొన్ని నెలలు చూపించాక తీసి చీకట్లో దాచేస్తారు. అమ్మమ్మ పట్టుచీర బీరువాలో పాత పంచెలో చుట్టి పెట్టినట్టే. రెండోది, తాత్కాలిక ప్రదర్శనలో చాలా వస్తువులు అరువు తెచ్చినవి. డిజైనర్ల దగ్గర నుంచి, సొంతదారుల దగ్గర నుంచి ఫలానా తేదీకి తిరిగి ఇస్తామని రాసిచ్చి, ఇన్సూరెన్స్ కట్టి తెస్తారు. టికెట్ పెట్టేది కూడా చాలావరకు ఈ ఖర్చులకే.

చూసే దారి ఉంది, అదీ మన బట్టనే చూసే దారి. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వాళ్ళు 2025 మే 31న తూర్పు లండన్‌లో 'వీ అండ్ ఏ ఈస్ట్ స్టోర్‌హౌస్' తెరిచారు. లోపలికి ఉచితం. అక్కడ 'ఆర్డర్ యాన్ ఆబ్జెక్ట్' అని ఒక పద్ధతి ఉంది: వెబ్‌సైట్‌లో వెతికి, అక్కడ భద్రపరిచిన వస్తువుల్లో ఐదింటి వరకు ఎంచుకుని, కనీసం రెండు వారాల ముందు అడిగితే నీకోసం బయటికి తీసి పెడతారు. కోరమాండల్ తీరం నుంచి వెళ్ళిన కలంకారీ బట్టలు ఆ మ్యూజియం దగ్గర చాలా ఉన్నాయి. ఒకటి అడుగు. వెనక వైపు కూడా చూడవచ్చా అని అడుగు. చిరువేరు అనే మొక్క వేరు నుంచి వచ్చే ఎరుపు ఎంత లోపలికి దిగిందో, కసిమి అనే నల్లరంగు దగ్గర పోగులు ఎలా పెళుసెక్కాయో (అందులో ఇనుముంటుంది, అదే కాలక్రమంలో బట్టని తినేస్తుంది) తెర మీద ఎంత పెద్దది చేసుకున్నా కనపడదు. వెళ్ళేలోపు పెడనలోనో శ్రీకాళహస్తిలోనో రెండు రోజులు ఉండి కలంకారీ పనిచేసేవాళ్ళ దగ్గర కూర్చుని రా, అప్పుడు ఏం అడగాలో నీకే తెలుస్తుంది.

ఇకనుంచి ఏ ప్రదర్శనైనా ముగిసే తేదీని ఫోన్లో రాసి పెట్టుకో. చివరి వారానికి వాయిదా వెయ్యకు, శని, ఆదివారాల టికెట్లు ముందే అయిపోతాయి.

ప్రశ్న: ఆరేళ్ళ బాబు, తొమ్మిదేళ్ళ పాపతో డిజైన్ మ్యూజియానికి వెళ్ళొచ్చా? విసుక్కోరూ?
– ఒక తండ్రి, రెడింగ్

జవాబు: వెళ్ళండి. అయితే అన్నీ చూపించాలని పెట్టుకోకండి. చిన్న నోటుబుక్కూ పెన్సిలూ ఇచ్చి, ఒక్కొక్కరినీ ఒక్క వస్తువు ఎంచుకుని బొమ్మ వెయ్యమనండి. గంటంబావు చాలు. పక్కనే హాలండ్ పార్క్, అందులో క్యోటో గార్డెన్, చెరువులో చేపలు, తిరిగే నెమళ్ళు. హై స్ట్రీట్ కెన్సింగ్టన్ స్టేషన్‌లో దిగితే పది నిమిషాల నడక, దారిలో పిల్లలు రోడ్డు దాటే బోర్డు ఎక్కడైనా కనిపిస్తే మీ పాపకి చూపించండి, చెయ్యి పట్టుకుని నడిపించేది అక్కే అని.