సైన్యంలో చేరకుండా ఆగిపోయిన ట్యాంకుల లెక్కలు ఏ కొలువుకు పనికొస్తాయి?

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని చంద్రాపూర్ జిల్లా బల్లార్‌పూర్. మా అబ్బాయి పదకొండో తరగతి సైన్సు చదువుతున్నాడు. లెక్కల్లో బాగానే ఉంటాడు. కానీ నోట్‌బుక్కుల నిండా తేలికపాటి యుద్ధ ట్యాంకులే. అందులో సగం ఏ సైన్యంలోనూ చేరని ప్రొటోటైపులట, అంటే పరీక్షించడానికి కట్టిన నమూనాలు. సెలవు రోజున నలుగురు స్నేహితులను కూర్చోబెట్టి, పాచికలు వేయించి యుద్ధం ఆట నడిపిస్తాడు. ఇది బతుకుతెరువు అవుతుందా? ఇంజినీరింగా, ఆర్మీనా, గేములు చేసే చదువా? నాగపూర్ పంపాలా, హైదరాబాద్ పంపాలా?
– ఒక తండ్రి

జవాబు: ఆ నోట్‌బుక్కు లాక్కోకండి, ఒకసారి చదవండి. పేర్లు, బొమ్మలు, రంగులే ఉంటే అది సరదా. బరువు, ఇంజిన్ శక్తి, గుండు వ్యాసం రాసి ఉంటే సంగతి వేరు. తేల్చుకోవడానికి ఒక ప్రశ్న చాలు: "ఈ ట్యాంకు ఎందుకు ఆగిపోయింది రా?" అని అడగండి. దీనికి జవాబు వెతికే పిల్లవాడిలో ఇంజినీరు బుద్ధి ఉన్నట్టే. ఎందుకంటే ప్రొటోటైపు ఆగిపోవడానికి కారణం చాలాసార్లు యంత్రం చెడిపోవడం కాదు.

అమెరికా 1950ల చివర్లో పరీక్షించిన టీ92 చూడండి. 76 మిల్లీమీటర్ల ఫిరంగి, చాలా తక్కువ ఎత్తు, తెలివైన డిజైను. సోవియట్ల పీటీ-76 నీళ్లలో ఈదుతుందని తెలిశాక, మాకూ ఈదేదే కావాలని సైన్యం మాట మార్చింది. టీ92ను ఈదించడం కుదరదు, అక్కడితో ఆగింది. తర్వాత వచ్చిన షెరిడాన్ ఈదింది, సైన్యంలోనూ చేరింది. కానీ సుమారు 15 టన్నుల బండిపై 152 మిల్లీమీటర్ల ఫిరంగి పెట్టారు. పేలిస్తే ముందు చక్రాలు నేల వదిలేవి, ఆ కుదుపుకు క్షిపణి పరికరాలు దెబ్బతినేవి. ఎక్స్ఎం8కు ఆరు ప్రొటోటైపులు కట్టి, పనిచేస్తుందని తేలాక, 1996లో డబ్బు లేదని ఆపేశారు. ఎం10 బుకర్ దాదాపు 38 టన్నులకు చేరింది. తేలికగా తరలించడం కుదరని బండి మాకెందుకని 2025లో వదులుకున్నారు. మారిన అవసరం, తట్టుకోలేని కుదుపు, చాలని బడ్జెట్, పెరిగిన బరువు: నాలుగు ట్యాంకులు, నాలుగు కారణాలు. మీ వాడు వీటిని విడదీసి చెప్పగలిగితే, ఇంజినీరింగు కాలేజీలో మూడో ఏడు చదివే చాలామంది కంటే ముందున్నట్టే.

మన దేశంలో ఈ విషయానికి ఇప్పుడు మంచి ఊపు ఉంది. 2020 లదాఖ్ ఉద్రిక్తతల తర్వాత అంత ఎత్తుకు తేలికపాటి ట్యాంకు కావాలన్న అవసరం గట్టిగా ముందుకొచ్చింది. చెన్నై దగ్గర ఆవడిలోని యుద్ధ వాహనాల పరిశోధన సంస్థ సీవీఆర్‌డీఈ, ఎల్ అండ్ టీ కంపెనీ కలిసి 'జోరావర్' తయారుచేశాయి. ప్రొటోటైపును 2024 జులైలో గుజరాత్‌లోని హజీరాలో చూపించారు. అదే ఏడాది ఎడారిలోనూ, డిసెంబరులో 4,200 మీటర్లకు పైన కూడా కాల్పుల పరీక్షలు జరిగాయి. బరువు 25 టన్నులు, ఫిరంగి 105 మిల్లీమీటర్లు, సిబ్బంది ముగ్గురు, ఇంజిన్ సుమారు 750 హార్స్‌పవర్. అంటే టన్నుకు 30. మన సైన్యంలోని బరువైన టీ-90 ట్యాంకుకు ఇది 21, 22 దగ్గర ఉంటుంది.

ఇక ఆట సంగతి. పాచికలతో, ఒక్కొక్కరు ఒక పాత్రగా ఆడే సైనిక రోల్‌ప్లే ఆటలకు ప్రొటోటైపు ట్యాంకులంటే మొదటి నుంచీ మక్కువ. 1984లో వచ్చిన 'ట్వైలైట్ 2000' అనే ఆటలో 75 మిల్లీమీటర్ల ఆటోమేటిక్ ఫిరంగి ఉన్న ఒక చిన్న అమెరికన్ ట్యాంకు ఉంది. అప్పట్లో ఆ ఫిరంగితో నిజంగానే ప్రయోగాలు నడుస్తున్నాయి. పదిహేనేళ్లలో ఇది సైన్యంలో చేరిపోతుందని ఆట రాసినవాళ్లు ఊహించారు. చేరలేదు, ఆటలో మాత్రం బతికిపోయింది. కంప్యూటర్ ఆటల్లోనూ ఇదే తీరు. టీ92, జర్మనీవారి ఆర్‌యూ 251 వంటివి వాటిని కట్టిన దేశాల బయట ఇంతమందికి తెలిశాయంటే అది ఆటల చలవే.

ఇలాంటి ట్యాంకుకు ఆటలో వాడే బలాబలాల పట్టిక రాయాలంటే మూడు రకాల సమాచారం కలుస్తుంది: తెలిసినది, లెక్కగట్టినది, ఊహించినది. మూడూ ఒకే సిరాతో రాయడమే ఈ పనిలో అందరూ చేసే తప్పు. నీలం, నలుపు, పెన్సిలు అని వేరు చేయమనండి. ఆరు నెలల తర్వాత "ఈ కవచం మందం ఎక్కడిది?" అని స్నేహితుడు అడిగితే జవాబు ఉండాలి. రేపు ఏ సిమ్యులేటర్ (అసలు బండిని అనుకరించే శిక్షణ యంత్రం) కంపెనీలోనైనా మొదట అడిగేది ఇదే.

పాచికల దగ్గర ఇంకో చిక్కు. రెండు పాచికలు వేసి 8 లేదా ఎక్కువ పడితే గుండు తగిలినట్టు అనుకుందాం. 36లో 15 సార్లు, అంటే దాదాపు 42 శాతం. బండి కదులుతూ కాలిస్తే 'రెండు తగ్గించు' అని నియమం పెడితే ఇప్పుడు 10 పడాలి. అది 36లో 6 సార్లే, 17 శాతం లోపు. 'రెండే కదా' అనుకున్నది అవకాశాన్ని సగానికి పైగా కోసేసింది. పరిగెత్తుతూ కాల్చడమే తేలికపాటి ట్యాంకు పనైన ఆటలో, ఈ ఒక్క నియమంతో ఆ ట్యాంకు దండగైపోతుంది. మీ వాడి నియమాలన్నీ ఇలా శాతాల్లోకి మార్చమనండి. పన్నెండో తరగతి సంభావ్యత అధ్యాయం అక్కడే సగం వచ్చేస్తుంది.

తర్వాత నేల లెక్క. 25 టన్నుల బండికి ఒక్కో ట్రాకు (చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టా) నేలను తాకే పొడవు 400 సెంటీమీటర్లు, వెడల్పు 45 అనుకోండి (ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలు, జోరావర్‌వి కావు). రెండు ట్రాకులకు 36,000 చదరపు సెంటీమీటర్లు. 25,000 కిలోలను దానితో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 0.69 కిలోలు. ఇంకా కవచం కావాలని 30 టన్నులు చేస్తే 0.83 అవుతుంది. ట్రాకు 50 సెంటీమీటర్లకు పెంచితే 0.75కు దిగుతుంది, కానీ ప్రతి లింకూ బరువెక్కుతుంది, బండి వెడల్పై రైలు వ్యాగన్ మీద తంటా మొదలవుతుంది. ఆషాఢంలో మీ నల్లరేగడిలో ట్రాక్టరు ఎందుకు కూరుకుపోతుందో తెలిసినవాడికి ఈ అంకెలు బతికొస్తాయి. వర్ధా నది ఇసుక, వానకాలపు రేగడి, సిరొంచ వైపు టేకు అడవి, ఈ మూడింటికీ వేగం పట్టిక రాసి ఆటలో పెట్టమనండి. అలాగే 4,000 మీటర్ల ఎత్తు: అక్కడ గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో కొంత పూడ్చినా ఇంజిన్ శక్తి తగ్గుతుంది, చల్లబరచడమూ కష్టమవుతుంది. ఆటలో ఈ కోత లేకపోతే అది లదాఖ్ కాదు, పేరు మార్చిన మైదానం.

ఇప్పుడు చదువు.

నా లెక్కలో మీ అబ్బాయికి అన్నిటికంటే సరిపోయేది సిమ్యులేటర్ల రంగం. మీరు అడిగిన మూడింటిలో అది లేదు, చాలామంది తల్లిదండ్రులకు దాని పేరే తెలియదు. ట్యాంకు నడపడం, గురిపెట్టడం సైనికులకు ముందు సిమ్యులేటర్ మీదే నేర్పుతారు, అసలు బండి మీద డీజిలు, గుండ్లు ఖర్చు కాబట్టి. హైదరాబాద్‌లోని జెన్ టెక్నాలజీస్ పని ఇదే. ప్రభుత్వ రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓలో యుద్ధ క్రీడల నమూనాలు చేసే ఐసా అనే సంస్థ ఢిల్లీలో ఉంది. దీనికి మెకానికల్ లేదా కంప్యూటర్ సైన్సు బీటెక్, గట్టి సీ++ ప్రోగ్రామింగ్, వెక్టర్లు, మాట్రిక్సులు, ఆటలు తయారుచేసే యూనిటీ లేదా అన్‌రియల్ ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్ మీద చేయి తిరగడం కావాలి. ఆ తర్వాత పుణెలోని డయట్ అనే రక్షణ సాంకేతిక విద్యాసంస్థలో మోడలింగ్ అండ్ సిమ్యులేషన్ ఎంటెక్ వంటివి చూసుకోవచ్చు. వీళ్లకు అందంగా కనిపించే ట్యాంకు అక్కర్లేదు. గుంత ఎక్కినప్పుడు సస్పెన్షన్ ఎంత నొక్కుకుంటుందో సరిగ్గా చూపే ట్యాంకు కావాలి. మీ వాడి నోట్‌బుక్కు అటువైపే నడుస్తోంది.

అసలు ట్యాంకు డిజైనే చేస్తానంటే మెకానికల్ లేదా ఆటోమొబైల్ ఇంజినీరింగు. చివరి ఏడాది గేట్ రాసి, ఆ స్కోరు, ఇంటర్వ్యూతో డీఆర్‌డీఓలో సైంటిస్ట్ 'బి' అనే శాస్త్రవేత్త ఉద్యోగం. మీ రాష్ట్రంలోనే అహల్యానగర్‌లో (పాత అహ్మద్‌నగర్) వాహనాల పరిశోధన సంస్థ వీఆర్‌డీఈ ఉంది. అదే ఊళ్లో ట్యాంకుల మ్యూజియం ఉంది. దీపావళి సెలవుల్లో ఒకసారి తీసుకెళ్లండి, టేపు, నోట్‌బుక్కు మరచిపోకుండా. ఫొటోల మీద ఏళ్ల తరబడి అర్థం కానిది టరెట్ (ఫిరంగి ఉండే తిరిగే పైభాగం) పక్కన నిలబడితే తెలుస్తుంది. ముఖ్యంగా ఫిరంగిని కిందికి వంచడం. గొట్టం ముందు దిగితే వెనక భాగం లోపల పైకి లేచి టరెట్ కప్పును తాకుతుంది. టరెట్ పొట్టిగా చేస్తే శత్రువుకు కనపడదు, కానీ గుట్ట మీద నుంచి కిందికి కాల్చలేదు. ఫ్రాన్సు వాళ్లు ఏఎంఎక్స్-13లో టరెట్ పై సగమంతా ఫిరంగితో పాటే ఊగేలా చేసి దీన్ని తప్పించుకున్నారు. సొంతంగా ట్యాంకు బొమ్మ గీసే పిల్లలు నూటికి తొంభై మంది ఇక్కడే దొరికిపోతారు.

ఆర్మీ అయితే పన్నెండు తర్వాత ఎన్‌డీఏ పరీక్ష, లేదా భౌతిక, రసాయన, గణిత శాస్త్రాల్లో 60 శాతంతో పాటు జేఈఈ మెయిన్ రాసినవారికి టెక్నికల్ ఎంట్రీ. వయసు, ఎత్తు సరే, ముందు కంటి డాక్టరు దగ్గర రంగుల గుర్తింపు పరీక్ష చేయించండి. ఈ ఒక్కదాని మీద రెండేళ్ల కోచింగ్ వృథా అవుతుంది.

గేముల కళ వైపు మనసుంటే ఖరీదైన ఇన్‌స్టిట్యూట్‌లో డబ్బు కట్టే ముందు ఇంట్లో కంప్యూటర్‌లోనే బ్లెండర్ అనే త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్ పెట్టి చూడండి, అది ఉచితం. ఒక ట్యాంకు మొత్తం చేయమనండి. ఒక ట్రాకు లింకు చేసి దాన్ని వక్రరేఖ వెంట పునరావృతం చేయాలి, చక్రాల మధ్య ట్రాకు కొద్దిగా వేలాడాలి, వెల్డింగు అంచులు మరీ నున్నగా ఉండకూడదు. త్రీడీ బొమ్మ ఉపరితలమంతా చిన్న త్రిభుజాలతో కట్టినదే; కంప్యూటర్ ఆటకు అవి యాభై వేలు దాటినా ఫరవాలేదు, ఫోను ఆటకైతే పది, పదిహేను వేలలో ముగించాలి. ఆ కోతలోనే పనితనం తెలుస్తుంది. మూడు నెలల్లో ఒక్కటీ పూర్తికాకపోతే ఇది వాడి దారి కాదు. పూర్తయితే బీటెక్ తర్వాత జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడీ బెంగళూరులో డిజిటల్ గేమ్ డిజైన్ ఎండెస్ (డిజైన్ పీజీ) ఉంది. నేరుగా డిజైన్ డిగ్రీకే వెళ్తానంటే యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష.

బీటెక్ సీటు అనుకున్నట్టు రాకపోతే కుంగిపోకండి. డిప్లొమా, ఐటీఐ వాళ్లకు డీఆర్‌డీఓలో సాంకేతిక సిబ్బందిని తీసుకునే సెప్టామ్ నియామకాలు ఉన్నాయి, మీ పక్కనే భద్రావతిలో చాందా ఆయుధ కర్మాగారం ఉంది, నాగపూర్‌లో అంబాఝరి కర్మాగారం ఉంది. అప్రెంటిస్ ప్రకటనలు చూస్తూ ఉండండి.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పండి. 2021లో ఒక ట్యాంకు ఆట ఆడే వ్యక్తి, తన వాదన నెగ్గించుకోవడానికి బ్రిటన్ ఛాలెంజర్ 2 రహస్య మాన్యువల్ పేజీలు ఆన్‌లైన్‌లో పెట్టాడు. అలాంటివి మీ వాడి కంట పడితే దింపుకోకూడదు, ఇతరులకు పంపకూడదు. మన దగ్గర 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఉంది. రక్షణ రంగంలో ఉద్యోగానికి ముందు పోలీసు విచారణ కూడా ఉంటుంది.

నాగపూరా, హైదరాబాదా? ఎన్ఐటీల్లో సొంత రాష్ట్రం కోటాకు పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యాడో అదే లెక్క. అబ్బాయి మహారాష్ట్రలోనే పూర్తిచేస్తే నాగపూర్ వీఎన్ఐటీలో సగం సీట్లకు సొంత రాష్ట్రం వాడిగా పోటీ పడతాడు. కాజీపేట రైలెక్కించి హైదరాబాద్ జూనియర్ కాలేజీలో చేర్పిస్తే ఆ హక్కు పోయి వరంగల్ ఎన్ఐటీకి వస్తుంది. కానీ తెలంగాణ ఇంజినీరింగు ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో స్థానికుడు కావాలంటే ఇంటర్‌తో కలిపి వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి. రెండేళ్లు సరిపోవు. అందుకని కదపకండి. మహారాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎంహెచ్‌టీ సీఈటీ, జేఈఈ మెయిన్ రెండూ రాయించండి, చంద్రాపూర్ ప్రభుత్వ ఇంజినీరింగు కాలేజీ, పుణెలోని సీఓఈపీ ఇంజినీరింగు విద్యాసంస్థ రెండూ ఆప్షన్లలో పెట్టించండి.

డొమిసైల్ (నివాస ధ్రువీకరణ) సర్టిఫికెట్ ఇప్పుడే తీసుకోండి. రిజర్వేషన్ ఉంటే కుల ధ్రువీకరణతో పాటు, అది సరైనదేనని తేల్చే 'వ్యాలిడిటీ' పత్రం కూడా అడుగుతారు. తెలంగాణలో బీసీ అయిన కులం మహారాష్ట్ర జాబితాలో అదే పేరుతో, అదే వర్గంలో ఉండాలని లేదు, ముందు జాబితా చూసుకోండి. తాతల నాటి బడి రికార్డు ఆసిఫాబాద్ వైపు ఉంటే తెప్పించడానికే నెలలు పడుతుంది. పన్నెండులో చేరగానే కాలేజీ ద్వారా వ్యాలిడిటీ దరఖాస్తు జిల్లా పరిశీలన కమిటీకి వెళ్లిపోవాలి.