నాలుగు గంటల టైమ్‌లైన్‌లో మావయ్యగారి షాట్ ఎక్కడ?

ఈసారి వీడియో ఎడిటింగ్ మీద వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే బాధ గురించి: తీసింది ఉంది, పెట్టింది కూడా గుర్తుంది, కానీ టైమ్‌లైన్‌లో (క్లిప్పులన్నీ వరుసగా పేర్చే చోట) ఎక్కడుందో దొరకదు.

ప్రశ్న: అంబాజీపేటలో చిన్న మిక్సింగ్ యూనిట్ నడుపుతున్నానండి. ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తాను. రెండు ట్రెడిషనల్ కెమెరాలు, ఒక క్యాండిడ్, పైన డ్రోన్, అన్నీ కలిపి ఒక్కో పెళ్లి టైమ్‌లైన్ నాలుగు గంటలు దాటిపోతోంది. అంతా అయ్యాక పెళ్లివారు ఫోన్ చేసి "కాళ్లు కడిగేటప్పుడు మా మావయ్యగారు పక్కనే నిలబడ్డారు, ఆ షాట్ ఉందా? ఉంటే ఇంకాస్త పెంచండి" అంటారు. మొదట్నుంచి చివరిదాకా లాక్కుంటూ వెతకడానికే పూట గడిచిపోతోంది. వేరే దారి ఉందా?
- ఒక పాఠకుడు, అంబాజీపేట

జవాబు: ఉందండి, కానీ అది టైమ్‌లైన్‌లో మొదలవదు. కంప్యూటర్‌కి మావయ్యగారు తెలియరు, దానికి తెలిసింది ఫైలు పేరు, మీరు పెట్టిన గుర్తు, కెమెరా గడియారం, అంతే. కాబట్టి పెళ్లివారు అడిగినదాన్ని ముందు ఈ మూడింటిలో ఒకటిగా మార్చుకోవాలి.

పెళ్లి వీడియోకి అన్నిటికన్నా బాగా పనికొచ్చేది గడియారం, దాన్నే చాలామంది వాడరు. ముహూర్తం శుభలేఖలోనే అచ్చేసి ఉంటుంది. పెళ్లివారు అడిగిన ఘట్టం జరిగేటప్పుడు చుట్టాల్లో ఎవరో ఒకరు ఫోన్‌తో ఫొటో తీసే ఉంటారు. ఫొటో తీసిన ఫోన్‌లోనే గ్యాలరీ తెరిచి వివరాల్లో సమయం చూసి చెప్పమనండి, ఎందుకంటే వాట్సాప్‌లో ఫొటోగా పంపితే తీసిన సమయం అందులోంచి పోతుంది. ఆ సమయం చేతికొచ్చాక హార్డ్‌డిస్క్‌లో ఆ కెమెరా ఫోల్డర్ తెరిచి ఫైళ్లని 'డేట్ మాడిఫైడ్' వరుసలో పెట్టండి. 'డేట్ క్రియేటెడ్' చూడకండి, విండోస్‌లో అది మీరు కార్డు డంప్ చేసిన సమయం చూపిస్తుంది. మాడిఫైడ్‌లో ఉండేది మామూలుగా రికార్డింగ్ ఆగిన సమయం, అంటే ఫొటో సమయం తర్వాత మొట్టమొదట ఏ క్లిప్ ముగిసిందో దాంట్లోనే ఆ ఘట్టం ఉండాలి. కెమెరాలో టైమ్ తప్పుగా ఉందా, అప్పుడు మాంగల్యధారణ క్లిప్ సమయాన్ని ఎవరి ఫోన్‌లోనైనా ఉన్న మాంగల్యధారణ ఫొటోతో పోల్చి తేడా ఎంతో లెక్కేసుకోండి, ఆ కెమెరా ఫైళ్లన్నిటికీ అదే తేడా.

ఇప్పుడు ఫైలు పేరు దొరికింది. టైమ్‌లైన్ మీద ఒకసారి క్లిక్ చేసి కంట్రోల్ ఎఫ్ కొట్టండి. క్లిక్ చేయకుండా కొడితే వేరే ప్యానెల్‌లో వెతుకుతుంది, ఏమీ దొరకలేదనుకుని మళ్లీ స్క్రోలింగ్‌కి వెళ్లిపోతారు. పేరు టైప్ చేసి 'ఫైండ్ ఆల్' నొక్కితే ఆ క్లిప్ ముక్కలు ఎన్ని ఉంటే అన్నీ సెలెక్ట్ అవుతాయి. నాలుగు గంటల టైమ్‌లైన్‌లో మూడు సెకన్ల ముక్క వెంట్రుకంత సన్నగా కనిపిస్తుంది, అయినా కళ్లు చికిలించుకోనక్కర్లేదు, ముందుకి వాలిన గీత, అదే స్లాష్ కీ, కొడితే సెలెక్ట్ అయినదాని చుట్టూ ఇన్, అవుట్ (మొదలు, చివర) గుర్తులు పడతాయి, తర్వాత షిఫ్ట్ ఐ కొడితే ప్లేహెడ్ (ఇప్పుడు చూస్తున్న చోటు చూపే గీత) అక్కడికే వెళ్లి నిలబడుతుంది.

ఇంకో దారి కూడా ఉంది, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. అసలు క్లిప్‌ని సోర్స్ మానిటర్‌లో (టైమ్‌లైన్‌తో సంబంధం లేకుండా క్లిప్ చూసే కిటికీలో) తెరిచి, మావయ్యగారు కనిపించే ఫ్రేమ్ దగ్గర ఆపి షిఫ్ట్ ఆర్ కొట్టండి. అదే ఫ్రేమ్ టైమ్‌లైన్‌లో ఉంటే ప్లేహెడ్ అక్కడికి దూకుతుంది. దూకలేదంటే ఆ ఫ్రేమ్ ఎడిట్‌లో పడలేదన్నమాట, పెళ్లివారికి ఉందో లేదో అక్కడే చెప్పేయొచ్చు. దీనికి తిరుగుదారి ఎఫ్ కీ: టైమ్‌లైన్‌లో ఉన్న ఫ్రేమ్ మీద నుంచి కొడితే అసలు క్లిప్ అదే ఫ్రేమ్ దగ్గర తెరుచుకుంటుంది, షాట్ పెంచడానికి ముందూ వెనకా ఎంత మిగిలి ఉందో అప్పుడే చూసుకోవచ్చు.

ఇక పేర్ల చిక్కు. మీ ట్రెడిషనల్ కెమెరాలు రెండూ సోనీవే అయితే రెండింట్లోనూ సి0012 ఉండటం మామూలే, కొత్త కార్డు వేస్తే లెక్క మళ్లీ మొదటికి రావచ్చు కూడా. కార్డు డంప్ చేసేటప్పుడు ఒక్కో కెమెరాకి, ఒక్కో కార్డుకి వేరే ఫోల్డర్ పెట్టి, ప్రాజెక్టులోకి తెచ్చాక క్లిప్ పేరు మార్చండి: 'కాళ్లు కడగడం క్యామ్2' అని. ప్రాజెక్టులో మారిస్తే డిస్క్‌లో ఫైలు పేరు మారదు, భయం లేదు. డిస్క్‌లోనే మారిస్తే మాత్రం అన్నీ ఆఫ్‌లైన్ అయి ఎర్ర తెరలు వస్తాయి. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో జనరల్ కింద, ప్రాజెక్ట్ ఐటమ్ పేరునీ లేబుల్ రంగునీ అన్నిచోట్లా చూపించమనే టిక్ ఒకటి ఉంటుంది, అది పెట్టకపోతే మీరు ప్రాజెక్ట్ ప్యానెల్‌లో ఎంత మంచి పేరు పెట్టినా టైమ్‌లైన్‌లో ముందే వేసిన ముక్కలు పాత పేరుతోనే ఉండిపోతాయి. నెస్ట్ చేసినా (కొన్ని క్లిప్పుల్ని ఒకే ముక్కగా కట్టేసినా), మల్టీక్యామ్ చేసినా (కొన్ని కెమెరాల క్లిప్పుల్ని ఒకే ముక్కగా జతచేసినా) లోపలి క్లిప్ పేర్లు బయటి సెర్చ్‌కి అందవు, ఆ నెస్ట్ తెరిచి అందులో వెతకాల్సిందే.

వచ్చే పెళ్లికి ఇంకో పని చేయండి. నాలుగు గంటలూ ఒకే సీక్వెన్స్‌లో, అంటే ఒకే టైమ్‌లైన్‌లో, పోయొద్దు. పెళ్లికూతుర్ని చేయడం, ఎదుర్కోలు, కాళ్లు కడగడం, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు, దేనికది వేరే సీక్వెన్స్, చివర్లో అన్నీ ఒకదానిలో కలపడం. "కాళ్లు కడిగేటప్పుడు" అన్నారంటే ఏది తెరవాలో అప్పుడు తెలిసిపోతుంది.

మార్కర్లు ఎలాగూ పెడుతుంటారు, ఎం కీతో. వాటికి పేర్లు కూడా పెట్టండి, మార్కర్స్ ప్యానెల్‌లో పేరుతో వెతకొచ్చు. మార్కర్స్ మెనూలో 'రిపుల్ సీక్వెన్స్ మార్కర్స్' టిక్ ఉందో లేదో చూసుకోండి. అది లేకుండా మధ్యలో పంటు (రేవు దాటించే పెద్ద పడవ) దిగే షాట్ ఒకటి ఇరికిస్తే క్లిప్పులన్నీ జరుగుతాయి, మార్కర్లు మాత్రం పాత చోటే ఉండి 'తలంబ్రాలు' అన్న గుర్తు వెళ్లి భోజనాల మీద పడుతుంది.

ఏఐ సంగతి కూడా చాలామంది అడుగుతున్నారు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ప్రీమియర్ 25.2లో దృశ్యాన్ని మాటల్లో వర్ణించి వెతికే సదుపాయం వచ్చింది. పడవ, పూలదండ లాంటివాటికి బాగుంటుంది, ఫలానా మనిషి కావాలంటే అది చాలదు. ముఖాలు గుర్తుపట్టి విడదీసే పని డావిన్చీ రిజాల్వ్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో, దాని స్టూడియో వెర్షన్‌లో ఉంది, అది డబ్బు పెట్టి కొనాల్సిన వెర్షన్.

ప్రశ్న: కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం తీసి, పెద్ద వీడియో ఒకటి చేశాం. పదకొండు ఊళ్ల ప్రభలు. ఇప్పుడు ఒక్కో ఊరివాళ్లూ "మా ప్రభ ఒక్కటీ వేరే తీసివ్వండి" అంటున్నారు. టైమ్‌లైన్‌లో అన్నీ కలిసిపోయి ఉన్నాయి.
- ఒక పాఠకుడు, ముక్కామల

జవాబు: మీకు కావాల్సింది రంగులు. ప్రీమియర్‌లో లేబుల్ రంగులు పదహారు, మీ ప్రభలు పదకొండు, సరిపోగా మిగులుతాయి. వ్యాఘ్రేశ్వరానిది ఒక రంగు, ఇరుసుమండది ఒక రంగు, ఇలా ప్రాజెక్ట్ ప్యానెల్‌లో క్లిప్పులకి వేయండి (పైన చెప్పిన టిక్ పెట్టి ఉంటేనే టైమ్‌లైన్‌లోనూ అదే రంగు వస్తుంది). రంగు పేర్లని ప్రిఫరెన్సెస్‌లో ఊరి పేర్లుగా మార్చుకోవచ్చు కూడా. తర్వాత ఒక ముక్క మీద రైట్ క్లిక్ చేసి లేబుల్‌లో 'సెలెక్ట్ లేబుల్ గ్రూప్' అంటే ఆ ఊరివన్నీ ఒకేసారి సెలెక్ట్ అవుతాయి, కాపీ చేసి కొత్త సీక్వెన్స్‌లో అతికించండి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలువ దాటే షాట్లు రెండు ఊళ్లకీ కావాలి, వాటిని ఏదో ఒక ఊరి కింద వేస్తే రెండోవాళ్లు ఊరుకోరు, ఊరుకోనక్కర్లేదు కూడా. ఆ క్లిప్పులకి మూడో రంగు వేసి రెండింట్లోనూ పెట్టండి. ఒకే ఫ్రేమ్‌లో చాలా ప్రభలు ఉన్న తోట మొత్తం డ్రోన్ షాట్లకీ అంతే, ఒక ఉమ్మడి రంగు.

ప్రశ్న: రొయ్యల చెరువుల మీద యూట్యూబ్ వీడియోలు చేస్తాను, రిజాల్వ్ ఫ్రీ వెర్షన్‌లో. ఏరేటర్లు (చెరువు నీటికి గాలి అందించే యంత్రాలు) తిరిగే షాట్ ఒకే వీడియోలో రెండుసార్లు పడిపోతోంది, అప్‌లోడ్ చేశాక చూసేవాళ్లు కామెంట్ పెడితే గానీ తెలియట్లేదు.
- ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: ఫ్రీ వెర్షన్ చాలమ్మా, దీనికి కొనక్కర్లేదు. ఎడిట్ పేజీలో పైన ఎడమవైపు 'ఇండెక్స్' అని ఉంటుంది, అది తెరిస్తే టైమ్‌లైన్‌లో ఉన్న క్లిప్పులన్నీ పట్టీలా వస్తాయి. పేరు కాలమ్ మీద నొక్కి ఆ వరుసలో పెట్టండి, రెండుసార్లు వాడింది పక్కపక్కనే కనిపిస్తుంది. ఆ వరుస మీద నొక్కితే ప్లేహెడ్ అక్కడికి వెళ్తుంది. అలాగే ఏరేటర్ లాంటి తరచూ వాడే షాట్లకి జి కీతో ఫ్లాగ్ పెట్టుకోండి. మార్కర్ పెట్టిన ముక్క మీదే ఉంటుంది, ఫ్లాగ్ అయితే అదే క్లిప్ ఎక్కడెక్కడ వాడారో అన్నిచోట్లా కనిపిస్తుంది, ఎగుమతి చేసే ముందు ఒక్కసారి చూస్తే చాలు. రెండోసారి పడినదాని బదులు ఆ క్లిప్‌లోనే వేరే భాగం కావాలంటే దాని మీద ఎఫ్ కొట్టండి, అసలు క్లిప్ తెరుచుకుంటుంది.