ఇంజను సంగతి చివర చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

ఒక్కరు ఎక్కే జెట్ హెలికాప్టర్ కడతానని రాశావు, సంతోషం. కానీ ఉత్తరమంతా టర్బైన్ గురించే ఉంది. ముందు రోటర్ (పైన తిరిగే బ్లేడ్ల జత) లెక్క వేసుకో నాయనా.

ఖాళీ బరువు 130, నువ్వు 80, ఇంధనం 40: మొత్తం 250 కిలోలు అనుకుందాం. 6 మీటర్ల రోటర్‌తో గాలిలో నిలబడాలంటే రోటర్‌కే సుమారు 25 కిలోవాట్లు కావాలి. టెయిల్ రోటర్‌కి (యంత్రం గిర్రున తిరిగిపోకుండా ఆపే తోకలోని చిన్న రోటర్), గేర్లలో పోయేదానికి, ఎండకు గాలి పలచబడేదానికి కలుపుకుంటే 45 కిలోవాట్ల ఇంజను పెట్టుకో. బ్లేడు కొస వేగం సెకనుకు 190 మీటర్లంటే రోటర్ నిమిషానికి 605 చుట్లు. చిన్న టర్బైనేమో 60,000 దాకా తిరుగుతుంది. వంద చుట్లను ఒక్క చుట్టుకి దించే ఆ గేర్‌బాక్సే నీ డబ్బూ కాలమూ మింగేది. 6,000కి దించే గేర్లు తనలోనే ఉన్న పాత ఏపీయూ (విమానాల్లో కరెంటుకి, గాలికి వాడే చిన్న సహాయక ఇంజను) టర్బైన్ దొరికితే పని సగమవుతుంది.

1953లో ఎగిరిన ఫ్రాన్సు వాళ్ళ జిన్ హెలికాప్టర్‌లో బోలు బ్లేడ్ల కొసల నుంచి గాలి చిమ్మేది. దానికి టెయిల్ రోటర్ అక్కర్లేదు. కానీ ఇంధనం విపరీతంగా తాగే పద్ధతి. మొదటి యంత్రానికి వద్దు.

పది కిలోల బ్లేడు ఆ 605 చుట్ల వేగంలో హబ్ (బ్లేడ్లను పట్టి ఉంచే నడిమి భాగం) బోల్టును ఆరు టన్నుల బలంతో లాగుతుంది. నమూనా బ్లేడు నుంచి బెత్తెడు ముక్క కోసి కత్తి అంచు మీద నిలిపి చూడు. ముందంచు నుంచి వెడల్పులో నాలుగోవంతు దగ్గర తూగాలి. అంతకన్నా వెనక తూగితే ముందంచులో కడ్డీ బరువు పెంచు, లేకపోతే వేగం మీద బ్లేడు అల్లాడి విరుగుతుంది.

ఇంజను ఆగితే? కలెక్టివ్ (బ్లేడ్లన్నిటి వాలునీ ఒకేసారి మార్చే లీవరు) దించకపోతే ఇంత తేలికైన రోటర్ వేగం రెండు సెకన్లలో అయిదోవంతు పడిపోతుంది. ఒక్కో కొసలో కిలో బరువు పెడితే జడత్వం 30 శాతం పెరిగి కాస్త వ్యవధి దొరుకుతుంది. బోల్టు మీద మాత్రం మరో 1.2 టన్నులు పడుతుంది, దానికి తగ్గట్టు హబ్ గీయి. ఇంజనుకీ రోటర్లకీ మధ్య వన్‌వే క్లచ్ (ఇంజను ఆగినా రోటర్లను తిరగనిచ్చేది) లేకుండా నేల వదలొద్దు. అది లేకపోతే ఆగిన ఇంజను రోటర్‌ని కూడా పట్టి ఆపేస్తుంది.

మొదటి పది గంటలూ గొలుసులతో నేలకు కట్టే తిప్పు. గంటకోసారి ఆపి, హబ్ బోల్టులు ఊడదీసి, పగుళ్ళలోకి ఇంకే రంగు ద్రవం పూసి చూడు. వెంట్రుకంత గీత కనిపించినా ఆ బోల్టు మళ్ళీ బిగించొద్దు.