మోడ్ కోసం రాసిన పాత్రకు పోర్ట్రెయిట్‌ను సొంతంగా గీయవచ్చా?

‘బాల్డర్స్ గేట్ 2’ అనే కంప్యూటర్ ఆట ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్‌కు చేస్తున్న మోడ్ (అభిమానులు ఆటకు సొంతంగా చేసే చేర్పు) కోసం ఒక సహచర పాత్రను రాసుకున్నానని, బొమ్మలు వేయడం అంతంతమాత్రమే కనుక పోర్ట్రెయిట్‌ను, అంటే ఆటలో కనిపించే ఆ పాత్ర ముఖచిత్రాన్ని, సొంతంగా గీయాలో, ఎక్కడి నుంచైనా తెచ్చుకోవాలో తెలియడం లేదని మీరు అడిగారు. మీరే గీయండి. ఆ పాత్ర ఎవరి మీద అలుగుతుందో, ఏ మాటకు మౌనం వహిస్తుందో మీకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. చేయి తిరిగిన చిత్రకారుడు వేసిన అపరిచిత ముఖం కంటే, ఆ పాత్రను ఎరిగిన మనిషి తడబడుతూ గీసిన ముఖమే ఆటలో నిలుస్తుందని నా గట్టి నమ్మకం.

అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. మనం పెద్ద బొమ్మ గీస్తాం, ఆడేవారు చిన్న బొమ్మ చూస్తారు. ఈ ఎడిషన్‌లో పెద్ద చిత్రం 210×330 పిక్సెళ్లు, మధ్యది 169×266, యుద్ధం సాగుతున్నంతసేపూ తెర అంచున ఉండేది 54×84 మాత్రమే.

నేను మొదటిసారి గీసిన పాత్ర అరవై దాటిన ఒక వైద్యురాలు. తల మీదుగా భుజాల వరకూ కప్పుకున్న ముదురు ఎరుపు శాలువా, దాని అంచున వెండి దారపు అల్లిక, వెనక గుహ చీకటి. ముఖంలోని ఒక్కొక్క ముడతకూ ఒక్కొక్క సాయంత్రం వెచ్చించి, మూడు వారాలు గీశాను. మోడ్ విడుదల చేసిన కొద్ది రోజులకే, ఆమె ప్రతి యుద్ధంలోనూ ఉన్నట్టుండి చనిపోతోందని ఒకరు రాశారు. పాత్ర బలం తక్కువైందేమోనని అంకెలు మార్చి చూశాను, స్క్రిప్టు మొత్తం వెతికాను, తప్పేమీ దొరకలేదు. చివరికి నేనే కూర్చుని ఆడితే తెలిసింది. ఈ ఆటలో గాయాలు పెరిగేకొద్దీ పోర్ట్రెయిట్‌ను ఎరుపు కమ్ముకుంటుంది. నా శాలువా ఆ ఎరుపును మింగేస్తోంది. ఆమె చావుబతుకుల్లో ఉన్నా, హాయిగా ఉన్నా ఆ చిన్న బొమ్మ దాదాపు ఒకేలా కనిపిస్తోంది. వెండి అల్లిక అయితే అసలు కనిపించనే లేదు.

ఆ ఫైలును పక్కన పెట్టి, ఈసారి 54×84 కొలతలోనే మొదలుపెట్టాను. చీకటి, వెలుగు, ఆ రెంటికీ నడుమ ఒక బూడిద ఛాయ, ఈ మూడింటితోనే ఇరవై చిన్న చిత్తుబొమ్మలు వేసి, చేయి చాచినంత దూరం నుంచి చూసినా మనిషి ముఖమని తెలిసినదాన్ని ఎంచుకున్నాను. శాలువా బూడిద కలిసిన నీలమైంది, నెరిసిన జుట్టు వెనక మసక ఆకుపచ్చ చేరింది, ముఖం చట్రంలో సగానికి పైగా నిండింది. ముడతల్లో ముక్కు పక్క నుంచి పెదవి చివరకు దిగే రెండు గీతలే మిగిల్చాను. వయసు చెప్పడానికి అవి చాలాయి. ఆ తర్వాతే దాన్ని 840×1320కు పెంచి వివరాలు గీశాను, ఆటలోని అసలు పోర్ట్రెయిట్ల పక్కన పెట్టి వెలుగు దిశ సరిచూసుకున్నాను.

ఎక్కడి నుంచైనా తెచ్చుకోవడం గురించి కూడా చెప్పాలి. ఎవరో నటి ఫొటోకు నూనెరంగుల ఫిల్టరు వేసి పోర్ట్రెయిట్ అనడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే పాత్ర నోరు విప్పకముందే మనకు ఆ నటి గుర్తుకొస్తుంది. మరో చిత్రకారుడి బొమ్మను అడగకుండా కత్తిరించి, పేరైనా చెప్పకుండా వాడుకోవడం అంతకంటే అన్యాయం. ఇలా తెచ్చుకునే అలవాటు వల్లనే కాబోలు, మోడ్‌లలో వందేళ్ల మంత్రగత్తెకు కూడా ఇరవై ఏళ్ల ముఖమే ఉంటోంది.

చిత్రాలను 24 బిట్ల బీఎంపీ అనే ఫైలు రకంలో దాచండి. ఫైలు పేరు, కొలతను తెలిపే చివరి అక్షరంతో కలిపి, ఎనిమిది అక్షరాలు దాటకూడదు. మీ పాత్ర దుస్తుల రంగు ఏమిటో మీరు రాయలేదు. ఎరుపైతే, మిగతా పని మొదలుపెట్టక ముందే దాన్ని మార్చండి.